అనుభవ మంటపమును నేటి ప్రజాస్వామ్య సభలును

(శరణ ధర్మ పాఠము)

శ్రీ గురు బసవలింగాయ నమః

ప్రపంచమున మొట్టమొదటి పార్లమెంటు అనుభవ మంటపమే యను మాట వీరశైవ సభలలో తరచుగ వినబడుచుండును. బసవ జయంతి నాడు వేదికపై వక్త ఆ మాట పలుకగనే సభ యంతయు కరతాళధ్వనులతో నిండును. 2015 నవంబరు 14వ తేదీన లండను నగరమందు, థేమ్సు నదికి ఈవలి గట్టున, బ్రిటిషు పార్లమెంటు భవనమునకు ఎదురుగ బసవేశ్వరుని విగ్రహమును భారత ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ ఆవిష్కరించిరి. 2020 డిసెంబరు 10వ తేదీన ఢిల్లీలో నూతన పార్లమెంటు భవనమునకు శంకుస్థాపన జరిగిన సందర్భమునను అనుభవ మంటపము పేరు వారి ప్రసంగమున వచ్చినది. 2021 జనవరిలో బసవకల్యాణమందు నూతన అనుభవ మంటప నిర్మాణమునకు కర్ణాటక ప్రభుత్వము పునాది వేసినది.

ఈ గౌరవము లన్నియు సంతోషింపదగినవే. అయితే గౌరవము వెంట బాధ్యతయు వచ్చును. ప్రజాస్వామ్యమునకు మూలము తమ మంటపమున కలదని చెప్పుకొనువారు, ప్రభుత్వమును ప్రజలును ఎదురెదురుగ కూర్చుండి మాటలాడుకొను విధమును ఆ మంటపము నుండి ఎంతవరకు నేర్చుకొనిరి? నేడు దేశదేశముల ప్రభుత్వములును, ప్రజాసంఘములును కలిసి ప్రజాస్వామ్యమును గూర్చి అంతర్జాతీయ సభలు జరుపుచున్నవి. ఆ సభలలో ఏది సఫలము, ఏది విఫలము అని తూచుటకు శరణుల వద్ద ఒక కొలత కలదా? ఈ పాఠమున విచారింపదగిన విషయ మిదియే.

మంటపము ఏది, ఏది కాదు

మొదట ఒక భేదమును స్పష్టపరచుకొనవలెను. పార్లమెంటు శాసనములు చేయును, పన్నులు విధించును, రాజ్యవ్యయమును ఆమోదించును. అనుభవ మంటపము ఈ పనులు చేయలేదు. దానికి సైన్యము లేదు, ఖజానా లేదు, శిక్షించు అధికారము లేదు. 12వ శతాబ్ది మధ్యకాలమున కల్యాణమునందు రాజ్యము చేసినవాడు కలచురి బిజ్జలుడు. అతని కొలువుకూటము వేరు, శరణుల మంటపము వేరు. కనుక నేటి పరిభాషలో మంటపమును ప్రభుత్వ మనుటకంటె పౌర సమాజ మనుట సమంజసము. పౌర సమాజ మనగా ప్రభుత్వములో భాగము కాక, లాభమునకై నడచు వ్యాపారమును కాక, ప్రజలు తమంతట తాము కూడి ఏర్పరచుకొనిన సంఘముల సముదాయము. రైతు సంఘములు, మహిళా మండలులు, మఠములు, గ్రంథాలయములు, వృత్తి సంఘములు, పౌరహక్కుల సంఘములు దీనిలోనివే.

ఈ విధముగ చెప్పుటవలన మంటపము గొప్పతనము తగ్గదు. పైగా హెచ్చును. అధికారము లేని సభ అధికారము గల రాజును ఆలోచింపజేయగలుగుట సామాన్యమైన సంగతి కాదు. ఆ సభకు అధ్యక్షుడు అల్లమప్రభువు. ఆయన అధిష్ఠించిన పీఠమునకు శూన్య సింహాసనమని పేరు. చాకలి మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, తోలు పని చేయు డోహర కక్కయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, కట్టెలమ్ము మోళిగె మారయ్య ఆ సభలో కూర్చుండిరి. అక్క మహాదేవి వంటి స్త్రీలు అచట తమ అనుభవమును నిర్భయముగ వినిపించిరి. ఈ సంభాషణలు 15వ శతాబ్దిలో శివగణప్రసాది మహాదేవయ్య మొదట కూర్చిన శూన్యసంపాదనె యను కన్నడ గ్రంథము ద్వారా తరువాతి తరములకు అందినవి. తెలుగువారికి శరణుల కథలు అంతకు ముందే, పాల్కురికి సోమనాథుని ద్విపద కావ్యమైన బసవపురాణము వలన పరిచితములు. ఆ తెలుగు గ్రంథమునే భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చెను. కన్నడ దేశమున జరిగిన కథ తెలుగున కావ్యమై మరల కన్నడమునకు పోయినది. సంభాషణకు భాష హద్దు కాదనుటకు ఇదియే నిదర్శనము.

రెండు సభల నడుమ బసవేశ్వరుడు

బసవేశ్వరుని జీవితమున విశేషమేమనగా, ఆయన రెండు సభలకును చెందినవాడు. బిజ్జలుని వద్ద భండారియై రాజ్యధనమును చూచెను; మంటపమునందు శరణులకు సేవకుడై నిలిచెను. పగలు లెక్కలు, సాయంకాలము అనుభావ గోష్ఠి. ప్రభుత్వమునకును పౌర సమాజమునకును నడుమ ఒక వంతెన యున్నదనినచో ఆ కాలమున ఆ వంతెన ఆయనయే.

వంతెన మీద నిలిచినవానికి ఇరువైపుల నుండి బరువు పడును. రాజధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని కొందరు బిజ్జలునికి కొండెములు చెప్పిరి. బసవేశ్వరుడు కోపగింపలేదు, రాజసేవను అడ్డు పెట్టుకొని తప్పించుకొననులేదు. భాండాగారమును తెరచి లెక్క చూచుకొనుమనెను. లెక్క సరిగ నుండెనని పురాణము చెప్పుచున్నది. దీనిని మహిమగ చదువువారు చదువుదురు. దానిలో పరిపాలనా నీతియు కలదు: ప్రజల పక్షమున నిలిచిన అధికారి తన లెక్కను అడిగినవారికి చూపుటకు ఎల్లప్పుడును సిద్ధముగ నుండవలెను.

ఆ వంతెన కూలిన కథ అందరికిని తెలిసినదే. పాదరక్షలు కుట్టు హరళయ్య కుమారునికిని, బ్రాహ్మణ మంత్రి మధువరసుని కుమార్తెకును వివాహము జరిగినది. వర్ణసంకరము జరిగినదని ఆచారపరులు రాజునకు ఫిర్యాదు చేసిరి. శరణులైన పిదప వారికి పూర్వకులము లేదు గదా యని బసవేశ్వరుని పక్షము వాదము. రాజు ఆ వాదమును త్రోసిపుచ్చి హరళయ్య, మధువరసులను క్రూరముగ చంపించెను. బసవేశ్వరుడు కూడలసంగమమునకు తరలిపోయెను. కొలదికాలమునకే బిజ్జలుడును హత్యకు గురియయ్యెను. శరణులు దిక్కుదిక్కులకు చెదరిపోయిరి. వచనముల కట్టలను మోసికొనుచు కొందరు ఉళవి దారి పట్టిరి.

ఈ కథలో సాధారణముగ రాజు క్రౌర్యమునే చూతురు. మరియొక సంగతి కూడ చూడవలెను. సంభాషణ తెగిన దినమున ఇరుపక్షములును నష్టపోయినవి. రాజు రాజ్యమును, ప్రాణమును పోగొట్టుకొనెను. శరణులు కల్యాణమును పోగొట్టుకొనిరి. శిక్షతో మొదలైనది ఖడ్గముతో ముగిసినది. ప్రభుత్వమునకును ప్రజలకును నడుమ మాట నిలుపుట ఎంత అవసరమో కల్యాణపు బూడిద చెప్పుచున్నది.

నేటి అంతర్జాతీయ సభలు

ఇప్పుడు వర్తమాన ప్రపంచమును చూడవలెను. 1986లో ఫిలిప్పీన్సు దేశ ప్రజలు నిరంకుశ పాలనను తొలగించుకొనిరి. రెండేండ్లకు, 1988లో, ఆ దేశ రాజధాని మనీలాలో నూతనముగ స్థాపితమైన లేదా పునరుద్ధరింపబడిన ప్రజాస్వామ్య దేశముల సభ జరిగినది. దానికి వచ్చినవి 13 దేశములు మాత్రమే. ఆ సభల పరంపర 1994లో నికరాగువా రాజధాని మనాగువా, 1997లో రుమేనియా రాజధాని బుకారెస్టు, 2000లో బెనిను దేశపు కొటొను, 2003లో మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్, 2006లో ఖతార్ రాజధాని దోహా నగరముల మీదుగ సాగినది.

భారతదేశమునకు వీనితో గల సంబంధము అల్పము కాదు. 1999 ఫిబ్రవరిలో న్యూఢిల్లీలో ప్రజాస్వామ్యమునకై ప్రపంచ ఉద్యమము తొలి మహాసభ జరిగినది. అది ప్రభుత్వముల సభ కాదు. వివిధ దేశముల ప్రజాసంఘములవారు, పండితులు, ఉద్యమకారులు కూడిన సభ. అందు ఆచార్య అమర్త్యసేన్ ప్రధాన ప్రసంగము చేసిరి. ప్రజాస్వామ్యము పశ్చిమ దేశముల సొత్తు కాదనియు, బహిరంగ చర్చ అన్ని నాగరికతలకును చెందిన విలువ యనియు వారి వాదము. మంటపపు వారసులకు ఈ వాదము కొత్త కాదు.

ఆ మరుసటి సంవత్సరము, 2000 జూనులో, పోలండు రాజధాని వార్సా నగరమున ప్రజాస్వామ్య దేశముల సమాజము అను సంస్థకు నాంది జరిగినది. పోలండు విదేశాంగ మంత్రి గెరెమెక్, అమెరికా విదేశాంగ మంత్రిణి ఆల్‌బ్రైట్ దీనికి పూనుకొనిరి. దానిని సమావేశపరచిన దేశములలో భారతదేశ మొకటి. నూరు దేశములకు పైగ వార్సా ప్రకటనపై సంతకము చేసినవి. వచ్చిన దేశములలో ఫ్రాన్సు మాత్రము సంతకము చేయలేదు. ప్రభుత్వ ప్రతినిధులు ఒక సభగను, ప్రజాసంఘములవారు వేరొక సభగను కూడిరి. ఒకే నగరము, ఒకే విషయము, రెండు గదులు! ఆ రెండు గదుల నడుమ తలుపు తెరచుటకు తరువాతి సభలలో ప్రయత్నములు జరిగినవి. 2002లో సియోలు, 2005లో శాంటియాగో, 2007లో బమాకో, 2009లో లిస్బను, 2011లో విల్నియస్ నగరములలో మంత్రుల సభలు జరుగగా, ప్రజాసంఘముల సమావేశములు వాని వెంట సాగినవి.

2005లో ఐక్యరాజ్యసమితి ప్రజాస్వామ్య నిధిని స్థాపించినది. దాని ఆరంభోత్సవమున భారత ప్రధాని డాక్టరు మన్మోహన్ సింగ్ పాల్గొనిరి. భారతదేశము తొలుత ఒక కోటి డాలర్లు ఇచ్చినది. ఆ నిధిలో అధిక భాగము ప్రభుత్వములకు గాక ఆయా దేశముల ప్రజాసంఘములకు పోవుట గమనింపదగినది. 2007లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ సెప్టెంబరు 15వ తేదీని అంతర్జాతీయ ప్రజాస్వామ్య దినముగ ప్రకటించినది. 2021 డిసెంబరులో అమెరికా ఆహ్వానముపై ప్రజాస్వామ్య శిఖర సభ జరిగినది. 2023లోను, 2024లో సియోలునందును అట్టివే మరి రెండు జరిగినవి.

నాలుగు పరీక్షలు

ఇట్టి సభలు జరుపుట సులభము కాదు. ఎవరిని పిలువవలెను, ఏ విషయము మీద మాటలాడవలెను, ఖర్చు ఎవరు పెట్టవలెను, తీర్మానము తరువాత ఏమి చేయవలెను అనునవి నిర్వాహకులకు మొదటి దినము నుండియు చిక్కులే. శరణుల చరిత్ర నుండి ఈ చిక్కులకు నాలుగు పరీక్షలు తీయవచ్చును.

మొదటిది, ప్రవేశ పరీక్ష. సభకు ఎవరు వత్తురు? 2021 నాటి శిఖర సభకు సుమారు 110 ప్రభుత్వములను పిలిచిరి. ఆ పట్టికను తయారుచేసినది ఆతిథ్యమిచ్చిన దేశమే. ఫలానా దేశమునేల పిలిచితిరి, ఫలానా దేశమునేల విడిచితిరి అని విమర్శలు చెలరేగినవి. మంటపమునందును ప్రవేశమునకు పరీక్ష కలదు. అక్క మహాదేవి కల్యాణమునకు వచ్చినపుడు అల్లమప్రభువు ఆమెను కఠినమైన ప్రశ్నలు వేసెను. ఆమె జవాబులు విని సభ ఆమెను అక్కయని గౌరవించెను. సొన్నలిగెలో చెరువు త్రవ్వించి, గుడులు కట్టించి కీర్తి గడించిన సిద్ధరాముని వద్దకు అల్లమప్రభువు తానే పోయి, ఈ కట్టడములన్నియు కట్టిన నీవు నీలోనిదానిని కట్టితివా యను భావముతో నిలదీసెను. సామాన్య స్త్రీకిని, ప్రజోపయోగ కార్యములు చేసిన నాయకునికిని పరీక్ష ఒకటే. కులమును బట్టి గాని, బలమును బట్టి గాని, స్నేహమును బట్టి గాని తలుపు తెరువరాదు, మూయరాదు.

రెండవది, భాషా పరీక్ష. శరణులు తమ అనుభవమును పండితుల సంస్కృతమున గాక జనుల వాడుక మాటలలో చెప్పిరి. అందువలననే చౌడయ్యయు కక్కయ్యయు సభలో నోరు విప్పగలిగిరి. ఐక్యరాజ్యసమితికి అధికార భాషలు ఆరు: అరబ్బీ, చైనీ, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యను, స్పానిషు. వానిలో తెలుగు లేదు, కన్నడము లేదు, మరాఠీ లేదు. కామారెడ్డి రైతు మాట అట్టి సభకు చేరవలెననినచో మరియొకరు దానిని మోసికొని పోవలెను. మోయువాడు దారిలో దానిని మార్చివేయవచ్చును. పదును తీసి మర్యాద మాటగ చేయవచ్చును. కనుక అంతర్జాతీయ సభకు పోవు ప్రజాసంఘముల ప్రతినిధి మొదట తన ఊరి సభలో, ఊరి భాషలో, తాను ఏమి చెప్పబోవుచున్నాడో వినిపించి ఒప్పించుకొని పోవలెను. తిరిగి వచ్చిన పిదప అచట ఏమి చెప్పెనో మరల వినిపింపవలెను.

మూడవది, ధన పరీక్ష. ఆయదక్కి మారయ్య కథ ప్రతి వీరశైవ గృహమునను చెప్పుకొనునదే. బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట అతని కాయకము. ఒకనాడు గింజలు కావలెనని ఎక్కువగ రాల్చిరి. మారయ్య ఆనందముతో ఇంటికి మోసికొని వచ్చెను. భార్య లక్కమ్మ ఆ మూటను చూచి, అవసరమునకు మించిన గింజ మన ఇంట నిలువరాదు, తిరిగి ఇచ్చి రమ్మని పంపెను. దాత బసవేశ్వరుడే యైనను ఆమె వెనుదీయలేదు. ప్రజాసంఘములకు ఇంతకు మించిన పాఠము లేదు. ప్రభుత్వ ధనముతో, విదేశ ధనముతో సభకు పోవుట తప్పు కాదు. ఐక్యరాజ్యసమితి నిధియు అట్టిదే. కాని అవసరమునకు మించి పుచ్చుకొనిన దినమున ప్రశ్న బలహీనపడును. ఇచ్చినవానిని అడుగుటకు నాలుక రాదు. పుచ్చుకొనిన ప్రతి రూపాయిని బహిరంగముగ చెప్పువారికే ప్రభుత్వపు లెక్కను అడుగు హక్కు నిలుచును.

నాలుగవది, జవాబు పరీక్ష. సభ ముగిసిన పిదప ఏమి జరిగెను? ఇది అన్నిటికంటె కఠినమైనది. పశ్చిమాఫ్రికాలోని మాలి దేశము వార్సా సభను సమావేశపరచిన దేశములలో నుండెను. 2007లో దాని రాజధాని బమాకోలో మంత్రుల సభ జరిగినది. 2012 మార్చిలో అచటనే సైనికులు ప్రభుత్వమును కూలద్రోసిరి. 2020లోను, 2021లోను మరల తిరుగుబాట్లు జరిగినవి. వేదిక అలంకరించినంత మాత్రమున, ప్రకటన చదివినంత మాత్రమున ప్రజాస్వామ్యము నిలువదు. దీనికి మారుగ మంగోలియా దృష్టాంతమును చూడవలెను. 2003 సభను ఉలాన్‌బాతర్‌లో ప్రభుత్వములు, పార్లమెంటు సభ్యులు, ప్రజాసంఘములు అను మూడు పక్షములతో జరిపిరి. తీర్మానముతో ఆగక, తమ దేశమున ప్రజాస్వామ్యము ఏ స్థితిలో నున్నదో కొలుచుటకు సూచికలను పండితులు, ప్రజాసంఘములవారు కూడి తయారుచేసిరి. 2005లో ఆ దేశపు పార్లమెంటు, ఐక్యరాజ్యసమితి నిర్ణయించిన ఎనిమిది సహస్రాబ్ది లక్ష్యములకు తోడు మానవహక్కులు, ప్రజాస్వామ్యము, సత్పరిపాలన అను తొమ్మిదవ లక్ష్యమును తనకు తాను విధించుకొనినది. సభకు పోయి వచ్చిన మాట ఇంటిలో లెక్కగ మారినచోటనే ఫలము.

మంజీరా తీరమున

ఈ విషయము లన్నియు దూరదేశములవే యని తలపరాదు. బాలాఘాటు కొండలలో పుట్టిన మంజీరా నది బీదరు సీమను తడపి తెలంగాణమున ప్రవేశించి, ఎల్లారెడ్డి ప్రాంతమునకు సమీపమున నిజాంసాగరమున నిలిచి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. బసవకల్యాణము ఆ బీదరు జిల్లాలోనిదే. 2016 అక్టోబరు 11న నిజామాబాదు నుండి వేరుపడి ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ రెవెన్యూ డివిజనులు. జుక్కల్, మద్నూరు, బిచ్కుంద ప్రాంతముల లింగాయత కుటుంబములవారు తెలుగు, కన్నడము, మరాఠీ మూడును మాటలాడుదురు. మూడు రాష్ట్రముల సరిహద్దున నివసించు వారికి దేశముల నడుమ సంభాషణ యన్నది వింత విషయము కాదు. సంతకు పోయిన ప్రతిదినము వారు చేయుచున్న పనియే.

ఈ నేల మీద ప్రభుత్వము ప్రజలను అడుగుట ఎట్లు మారినదో రెండు సంఘటనలు తెలుపును. 1923లో నిజాంసాగర నిర్మాణము మొదలై 1931లో ముగిసినది. నవాబు అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగు ప్రజ్ఞకు అది గుర్తు. దాని నీటితో లక్షల ఎకరములు పండినవి. ఆ మేలు కాదనలేనిది. అయితే జలాశయమున మునిగిన ఊళ్లవారు తమ అభ్యంతరమును చెప్పుకొనుటకు నాడు గ్రామసభ లేదు, వోటు లేదు. వయోజనులందరు వోటు వేసిన మొదటి సాధారణ ఎన్నికలు హైదరాబాదు రాష్ట్రమున 1952 నాటివి.

నూరేండ్ల తరువాత, 2023 జనవరిలో, కామారెడ్డి పురపాలక సంఘపు ముసాయిదా మాస్టరు ప్లానులో తమ సాగుభూములను పారిశ్రామిక ప్రాంతముగ చూపిరని చుట్టుప్రక్కల గ్రామముల రైతులు వీధికెక్కిరి. ఒక రైతు ఆత్మహత్య చేసికొనగా, భూమి పోవునను దిగులే దానికి కారణమని ఆ కుటుంబము వాపోయినది. కలెక్టరు కార్యాలయము ముందు వేలమంది బైఠాయించిరి, పట్టణము బందయినది, కొందరు హైకోర్టునకు పోయిరి. అది ముసాయిదా మాత్రమే, అభ్యంతరములు చెప్పుకొనవచ్చును అని అధికారులు వివరించిరి. చివరకు జనవరి 20వ తేదీన పురపాలక సభ ఆ ముసాయిదాను రద్దుచేయవలెనని తీర్మానించినది.

ఈ రెండింటి నడుమ ప్రజాస్వామ్యము ఎంత ముందునకు వచ్చినదో స్పష్టము. 1923లో అడుగువారే లేరు. 2023లో అడిగిన ప్రజలకు ప్రభుత్వము జవాబు చెప్పక తప్పలేదు. అయినను లోపము కలదు. చట్టము ప్రకారము పటము ముందు గీయుదురు, అభ్యంతరము తరువాత వినుదురు. రైతు తన పొలము రంగు మారుటను కాగితము మీద చూచి ఉలికిపడిన పిదప సంభాషణ మొదలయ్యెను. అప్పటికే భయము ముందు కూర్చున్నది. పటము గీయుటకు ముందే ఆ రైతులను పిలిచి, వారి భాషలో అడిగియుండినచో, వీధిలో చెప్పిన మాటనే వారు సభలో చెప్పియుండెడివారు. వార్సాలో రెండు గదులు. కామారెడ్డిలో ఒకవైపు కార్యాలయము, మరియొకవైపు వీధి. స్థలము వేరు గాని జబ్బు ఒకటే.

మఠములకును కుటుంబములకును కర్తవ్యము

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగమున స్థానమిచ్చినది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము, 2018 ప్రకారము గ్రామసభ రెండు నెలలకొకసారి జరుగవలెను. ఆ సభలకు వచ్చువారెందరు? వచ్చినవారిలో నోరు విప్పువారెందరు? సంతకము చేసి తేనీరు త్రాగి పోవు సభయే గ్రామసభ యైనచో, ఉలాన్‌బాతర్‌కు పోయిన ప్రతినిధి మాత్రము ఏమి చేయగలడు? అంతర్జాతీయ సభ పై అంతస్తు, గ్రామసభ పునాది.

వీరశైవ మఠములు ఇచట ఒక పని చేయవచ్చును. ప్రతి మఠమునకును ఒక విశాలమైన చావడి యుండును. శ్రావణ మాసమున పురాణ కాలక్షేపము జరుగును. దాసోహమునకు అన్ని కులములవారు వత్తురు. గ్రామసభకు ముందు వారమున ఆ చావడిలో ఊరివారినందరిని, లింగాయతులను మాత్రమే గాక, కూర్చుండబెట్టి అడుగదగిన ప్రశ్నలను వ్రాయించవచ్చును. గ్రామసభ తరువాత వచ్చిన జవాబులను అచటనే చదివి వినిపింపవచ్చును. ఇందు పార్టీల ప్రసక్తి యుండరాదు. ఎవరికి వోటు వేయవలెనో మఠము చెప్పరాదు. ప్రశ్నకు చోటు ఇచ్చుట వరకే మఠము పని.

అయితే ఆ పనికి పూనుకొనుటకు ముందు మఠములును కుటుంబములును తమ్ముతాము పరీక్షించుకొనవలెను. మఠపు ఆదాయ వ్యయముల లెక్కను భక్తులు అడిగినచో చూపుదురా? మహాసభ వేదికపై స్త్రీకి హారతి పట్టు పనియేనా, మాటలాడు స్థానమును కలదా? అక్క మహాదేవి పటమునకు పూలమాల వేసి, ఇంటి ఆడపడుచు పొలము పంపకమున మాటలాడినచో కసరుట శరణ ధర్మమగునా? హరళయ్య కథను కన్నీటితో విని, ఇంటిలో పిల్ల వేరొక శాఖవానిని వరించినచో తలుపు మూయుట ఏ ధర్మము? బిజ్జలుడు కొలువుకూటమున మాత్రమే యుండడు. ప్రశ్న వినుటకు ఇష్టపడని ప్రతి పెద్దరికమునను కొంత బిజ్జలుడు కలడు.

శూన్య సింహాసనమను పేరు ఈ సందర్భమున మనసునకు తెచ్చుకొనదగినది. ఆ పీఠమున కూర్చున్నవానికి తన యహంకారము శూన్యము కావలెను. ప్రభుత్వము గాని, ప్రజాసంఘము గాని, మఠము గాని తనకు తెలియనిది ఎదుటివానివద్ద కలదని ఒప్పుకొనినపుడే సంభాషణ మొదలగును. లండనులోని విగ్రహము పార్లమెంటు వైపు చూచుచున్నది. ఆ చూపునకు తగిన సభ కామారెడ్డిలోను, ఎల్లారెడ్డిలోను, ప్రతి పల్లె చావడిలోను జరిగిన దినమున అనుభవ మంటపము తొలి పార్లమెంటు అను మాటకు వేరే సాక్ష్యము అక్కరలేదు.

పాఠ సారాంశము

1. అనుభవ మంటపము శాసనసభ కాదు. రాజును ఆలోచింపజేసిన స్వతంత్ర ప్రజాసభ.
2. బసవేశ్వరుడు ప్రభుత్వమునకును ప్రజలకును నడుమ వంతెన. ఆ వంతెన తెగుట ఇరుపక్షములకును నాశనము తెచ్చినది.
3. ఏ సభనైనను ప్రవేశము, భాష, ధనము, జవాబు అను నాలుగింటితో పరీక్షింపవలెను.
4. నిర్ణయమునకు ముందు అడుగుట సంభాషణ. నిర్ణయము తరువాత అడుగుట సమాధానపరచుట మాత్రమే.
5. దేశముల సభకు బలము గ్రామసభ. గ్రామసభకు బలము గృహము.

అభ్యాస ప్రశ్నలు

1. మంటపమును పార్లమెంటు అనుటకును పౌర సమాజము అనుటకును భేదమేమి?
2. లక్కమ్మ బియ్యమును తిరిగి పంపుట వలన ప్రజాసంఘములు నేర్వదగిన దేమి?
3. మాలి, మంగోలియా దేశముల అనుభవములను పోల్చి వ్రాయుడు.
4. మీ గ్రామమున గడచిన గ్రామసభలో అడిగిన ప్రశ్న లెన్ని? వానిలో జవాబు వచ్చినవి ఎన్ని? ఇంటిలోని పెద్దలతోను, స్త్రీలతోను కలిసి విచారించి పట్టిక వ్రాయుడు.

శరణు శరణార్థి.